మెదడులోని నెత్తుటి దారులు చూపిన ఎగాస్ మోనిజ్

చెవుడు మెల్లగా మొదలవుతుంది. నలుగురూ మాట్లాడుకుంటుంటే సగం మాటలు అందవు. కొన్నేళ్లకు నడకలో తూలు వస్తుంది. చీకట్లో గోడ పట్టుకోనిదే అడుగు పడదు. తెలియని వాళ్లు తాగి వచ్చాడనుకుంటారు. ఇంట్లో వాళ్లు నరాల బలహీనత అనుకుని టానిక్కులు తెచ్చి పోస్తారు. కొందరికి పొయ్యి మీద కూర మాడుతున్నా వాసన తెలియదు. ఇలా పదేళ్లో, ఇరవై ఏళ్లో గడిచాక పెద్దాసుపత్రిలో స్కానింగు తీస్తే మెదడు కింది భాగం చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఎవరో నల్లసిరాతో అంచు గీసినట్లు కనిపిస్తుంది. అది ఇనుము. రోగి సొంత నెత్తుటిలో నుంచి ఊరి వచ్చి, మెదడు మీద తుప్పులా పేరుకున్న ఇనుము.

దీనిని వైద్యులు సూపర్‌ఫిషియల్ సిడరోసిస్ అంటారు. అరుదైన జబ్బు. 1908లో అమెరికాలో హామిల్ అనే వైద్యుడు దీని గురించి మొదట రాశారు. ఆ తర్వాత చాలాకాలం వరకు చనిపోయిన మనిషి పుర్రె తెరిచి చూస్తే తప్ప ఈ జబ్బు ఉన్నట్టే తెలిసేది కాదు. మెదడులో నెత్తురు ఏ దారిన పోతోందో, ఎక్కడ దారి తప్పిందో మనిషి బతికి ఉండగానే చూసే ఉపాయం 1927లో దొరికింది. దానిని కనిపెట్టినవారు పోర్చుగల్ దేశస్థుడైన ఎగాస్ మోనిజ్. ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. అయితే అది ఈ పనికి కాదు. వేరే పనికి వచ్చింది. ఆ వేరే పనిని వైద్యలోకం ఇప్పుడు తలచుకోవడానికే జంకుతుంది.

కాలువకు గండి పడితే

డెల్టా రైతులకు ఈ జబ్బు మూలం చెప్పడం తేలిక. పెద్ద కాలువలో నీరు ఉరవడిగా వస్తుంది. అక్కడి నుంచి పిల్ల కాలువలకు, వాటి నుంచి బోదెలకు చేరుతుంది. బోదెల్లోకి వచ్చేసరికి జోరు తగ్గి, నీరు నెమ్మదిగా మళ్లలో పారుతుంది. మిగిలిన నీరు మురుగు కాలువలో పడి పోతుంది. మురుగు కాలువ గట్లు పెద్ద కాలువ గట్లంత బలంగా ఉండవు. ఉండనవసరమూ లేదు. శరీరంలోనూ అంతే. గుండె నుంచి నెత్తురు తెచ్చే ధమనుల గోడలు మందంగా ఉంటాయి. వెంట్రుకకన్న సన్నని కేశనాళికల్లో జోరు తగ్గుతుంది. తిరిగి తీసుకుపోయే సిరల గోడలు పలుచన.

ఇప్పుడు పెద్ద కాలువకు గండి పడి, నీరంతా నేరుగా మురుగు కాలువలోకి దూకిందనుకోండి. మళ్లు ఎండుతాయి. మురుగు కాలువ పొంగి, గట్లు చెమర్చి, ఏదో ఒక చోట తెగుతాయి. మెదడులోనూ ఒక్కొక్కరికి ధమని నేరుగా సిరతో కలిసిపోతుంది. మధ్యలో కేశనాళికలు ఉండవు. మెదడు లోపల రక్తనాళాలు ఉండచుట్టలా పెనవేసుకుని ఉంటే దానిని ఏవీఎం అంటారు. ఇది చాలావరకు చిన్ననాటి నుంచే ఉండేది. మెదడును కప్పిన గట్టి పొరలో ఇలాంటి అడ్డదారి ఏర్పడితే డ్యూరల్ ఫిస్టులా అంటారు. దెబ్బ తగిలాకో, ఆ పొరలోని పెద్ద సిరలో నెత్తురు గడ్డకట్టాకో పెద్ద వయసులో ఇది తయారవుతుంది. ఈ రెండో రకం వాళ్లలో కొందరికి చెవిలో సొంత నాడి చప్పుడే వినిపిస్తుంది. రాత్రి దిండు మీద తల పెడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా బుస్సుమంటూ మోత. భ్రమ అని కొట్టిపారేయరాదు. చెవి వెనుక స్టెతస్కోపు పెడితే ఒక్కోసారి వైద్యుడికీ ఆ మోత వినిపిస్తుంది.

గట్టు ఒక్కసారిగా తెగితే మెదడులో నెత్తురు చిమ్మి పక్షవాతమో, ప్రాణాపాయమో వస్తుంది. అది అందరికీ తెలిసిన సంగతే. గట్టు తెగకుండా చెమరుస్తూ ఉండేది మరో రకం. మెదడు, వెన్నుపాము ఒక తేటనీటిలో మునిగి ఉంటాయి. అందులోకి నెత్తురు కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. ఎర్రకణాలు చితికి, వాటిలోని ఇనుము విడివడుతుంది. మెదడు పైపొరలో ఉండే సహాయక కణాలు ఆ ఇనుమును పట్టి దాచిపెడతాయి. దాచి దాచి చివరికి వాటికీ శక్తి చాలదు. బోరునీళ్లు పట్టిన సిమెంటు తొట్టికి పట్టే గారలాగా, గోధుమరంగు పూత మెదడు మీద మిగిలిపోతుంది. చెవికి పోయే నరం ఆ నీటిలో చాలా దూరం సాగుతుంది. దానికి చుట్టూ ఉన్న తొడుగు కూడా ఇనుమును ఇట్టే పట్టుకునే రకం. అందుకే మొదటి దెబ్బ వినికిడికే తగులుతుంది. నడకలో తూకం చూసే చిన్నమెదడు వంతు ఆ తర్వాత.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ తుప్పు పట్టిన వారందరికీ రక్తనాళాల అడ్డదారే కారణం కాదు. వెన్నెముక దగ్గర పొర చిరగడం, పాత ఆపరేషను, తలకు తగిలిన దెబ్బ, కణితి, ఇవే ఎక్కువమందిలో మూలం. కొందరిలో ఎంత వెదికినా మూలం దొరకదు. అయితే అడ్డదారి ఉన్నవారిలో దానిని మూసివేస్తే ఊట ఆగుతుంది. కనుక వెదకడం మానరాదు. వెదకాలంటే చూడాలి. పుర్రె లోపలికి చూసేదెలా?

వీరుడి పేరు పెట్టుకున్న పిల్లవాడు

ఆంటోనియో కాయెటానో 1874 నవంబరు 29న పోర్చుగల్‌లోని అవాంకా గ్రామంలో పుట్టారు. పొలాలు, పాత ఇల్లు ఉన్న కుటుంబం. మూరిష్ రాజుల మీద పోరాడి పోర్చుగల్ రాజ్యం నిలబెట్టిన కాలంలో ఎగాస్ మోనిజ్ అనే వీరుడు ఉండేవాడు. తమది ఆయన వంశమేనని చెప్పుకుంటూ, ఆ పేరును పిల్లవాడికి తగిలించారు జ్ఞానపితగా ఉన్న మతాచార్యుడైన పెదనాన్న. లోకానికి అదే పేరు మిగిలింది.

కోయింబ్రా విశ్వవిద్యాలయంలో చదివి 1899లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఫ్రాన్సులో బోర్డో, పారిస్ నగరాలకు వెళ్లి నాడీవైద్యం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ విద్యకు పారిసే కాశీ. మోకాలి కింద సుత్తితో తట్టీ, అరికాలు గీకీ, కంటి పాప చూసీ జబ్బు మెదడులో ఎక్కడుందో ఊహించే మహామహులు అక్కడ ఉండేవారు. వారి ఊహ చాలాసార్లు నిజమయ్యేది. కాని ఊహ ఊహే.

ఇరవై నాలుగేళ్ల వయసులోనే ఆయనకు గౌట్ అనే కీళ్లవాతం పట్టుకుంది. చేతివేళ్లు క్రమంగా వంకర్లు పోయాయి. శస్త్రవైద్యుడు కావలసిన చేతులు కావు అవి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆయన పేరు మీద చెప్పుకునే ప్రతి ఆపరేషనులోనూ కత్తి పట్టిన చేయి వేరొకరిది.

లైంగిక జీవితం గురించి ఆ కాలానికి సాహసమనిపించే పుస్తకం రాసి దేశంలో పేరు తెచ్చుకున్నారు. ఎల్విరా అనే ఆమెను పెళ్లాడారు. పిల్లలు కలగలేదు. 1911లో లిస్బన్‌లో నాడీవైద్య ఆచార్య పదవి వచ్చింది.

మంత్రి పదవి, సంధి సభ

అప్పటికే ఆయన రాజకీయాల్లో నిండా మునిగి ఉన్నారు. రాచరికం ఉన్నప్పటి నుంచే పార్లమెంటు సభ్యుడు. 1910లో రాజు పోయి రిపబ్లిక్ వచ్చింది. రాజకీయ గందరగోళంలో జైలు కూడా చూశారు. 1917లో స్పెయిన్‌కు రాయబారి. 1918లో విదేశాంగ మంత్రి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్‌లో జరిగిన శాంతి సభకు పోర్చుగల్ బృందానికి నాయకుడిగా వెళ్లారు. ఆయనను నమ్మిన అధ్యక్షుడు సిడోనియో పయిస్ 1918 డిసెంబరులో హత్యకు గురయ్యారు. ప్రభుత్వం మారింది. 1919లో బృందం నాయకత్వం ఇతరుల చేతికి పోయింది. మోనిజ్ రాజకీయాలకు స్వస్తి చెప్పారు.

పదవి పోయినవాడు చాలామంది విషయంలో కథ అక్కడ ముగుస్తుంది. మోనిజ్ వయసు అప్పటికి 44. వంకరపోయిన వేళ్లు. వైద్యశాస్త్రంలో చెప్పుకోదగ్గ పని అప్పటికి ఏదీ లేదు. అసలు పని అంతా ఆ తర్వాతే.

ఎముక కనిపిస్తుంది, మెదడు కనిపించదు

ఎక్స్‌రే 1895 నాటి నుంచి ఉంది. విరిగిన ఎముకను చూపుతుంది. మింగిన నాణేన్ని చూపుతుంది. తలకు తీస్తే పుర్రె మాత్రమే పడుతుంది. లోపలి మెదడు, అందులోని రక్తనాళాలు మంచు పొరలో ఊరులా ఉండిపోతాయి. అమెరికాలో వాల్టర్ డాండీ అనే శస్త్రవైద్యుడు మెదడులోని గదులకు గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసే పద్ధతి 1918లో కనిపెట్టారు. రోగికి నరకయాతన. అందులోనూ గదుల ఆకారమే పడేది, నెత్తుటి దారులు కాదు.

అడ్డదారుల విషయంలో దీని ఫలితం ఘోరంగా ఉండేది. ధమని సిరతో కలిసిపోవడం గురించి ఇంగ్లండులో విలియం హంటర్ పద్దెనిమిదో శతాబ్దంలోనే రాశారు. ఆ రోజుల్లో ప్రతి జబ్బుకూ మోచేతి దగ్గర సిర కోసి నెత్తురు తీసేవారు. కత్తి లోతుగా దిగి కింది ధమనికి తగిలితే రెండూ కలిసిపోయేవి. ఆ చోట వేలు పెడితే అదురు తెలిసేది, చెవి పెడితే మోత వినిపించేది. చేతిలో అయితే వేలు పెట్టి చూడవచ్చు. పుర్రెలో అయితే? కణితి అనుకుని తల తెరిస్తే కణితికి బదులు కొట్టుకుంటున్న పాముల చుట్ట కనిపించేది. వేలు తగిలితే నెత్తురు వరద. శస్త్రవైద్యుడు వణుకుతూ మూసేసేవాడు. అమెరికా మహావైద్యులు హార్వే కుషింగ్, డాండీ ఇద్దరూ 1928లో ఇలాంటి కేసుల గురించి విడివిడిగా రాసినప్పుడు, తెరవకముందు తెలియకపోవడమే ప్రధానమైన చిక్కు.

మోనిజ్‌కు వచ్చిన ఆలోచన చెప్పుకుంటే చిన్నదే. ఎక్స్‌రేకు అడ్డుపడే ద్రవమేదైనా మెడలోని ధమనిలోకి ఎక్కించి, అది మెదడుకు చేరిన క్షణంలో ఫోటో తీస్తే ధమనులన్నీ పడతాయి కదా. పేగులకు అప్పటికే ఇలాంటివి చేస్తున్నారు. కాని పేగు వేరు, మెదడు వేరు. మెదడు నెత్తుట్లో ఏ మందు ఎక్కించినా మనిషి బతుకుతాడా అన్నది ప్రశ్న.

జూన్ 28

లిస్బన్‌లోని శాంటా మార్తా ఆసుపత్రిలో ఈ ప్రయోగాలు సాగాయి. మొదట జంతువుల మీద, శవాల తలల మీద చేసి చూశారు. బ్రోమైడ్ లవణాలు వాడారు. వంకర వేళ్లతో సూది పట్టుకోలేరు గనుక, పేద్రో అల్మైదా లిమా అనే యువ వైద్యుడు ఆయనకు చేతులయ్యారు. తర్వాత రోగుల మీద మొదలుపెట్టారు. తొలి రోగుల్లో పని జరగలేదు. స్ట్రాన్షియం బ్రోమైడ్ ఎక్కించిన ఒక రోగిలో బొమ్మ కొంత పడింది. కాని ఆ రోగి చనిపోయారు.

అక్కడ ఆపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మోనిజ్ కొన్నాళ్లు ఆగారు. మందు మార్చారు. సోడియం అయోడైడ్‌ను నూటికి ఇరవై అయిదు పాళ్ల ద్రావణంగా చేసి మళ్లీ మొదలుపెట్టారు. ఇది ధైర్యమా, మొండితనమా అంటే ఈ వ్యాసకర్త దృష్టిలో రెండూ కలిసే ఉన్నాయి. ఆ కాలంలో రోగి అనుమతి తీసుకోవాలన్న నియమాలు ఇప్పటిలా లేవు. పేదరోగి అడిగేదీ తక్కువే.

1927 జూన్ 28న ఇరవై ఏళ్ల యువకుడిని బల్ల మీద పడుకోబెట్టారు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దగ్గర కణితి ఉన్న రోగి. మెడ దగ్గర చర్మం కోసి ధమనిని బయటపెట్టి, కాసేపు నెత్తుటి పోటును ఆపి, మందు ఎక్కించి ఫోటో తీశారు. ప్లేటు కడిగి వెలుతురుకు పెట్టి చూస్తే, ఆకులు రాలిన చెట్టు కొమ్మల్లా మెదడులోని ధమనులు కనిపించాయి. కణితి నెట్టిన చోట కొమ్మలు పక్కకు ఒరిగి ఉన్నాయి. బతికి ఉన్న మనిషి మెదడులో నెత్తుటి దారులను కళ్లారా చూడటం అదే మొదలు. పదిరోజులైనా గడవకముందే, జూలై 7న పారిస్‌లోని నాడీవైద్య సంఘంలో ఆ ఫోటోలు చూపించారు. సుత్తితో తట్టి ఊహించే గురువుల ముందు శిష్యుడు ఫోటో పెట్టాడన్నమాట. అప్పటికి ఆయనకు 52 ఏళ్లు.

సిర తొందరపడితే

ఒక్క ఫోటోతో పని ముగియలేదు. ధమనులు నిండిన క్షణం తర్వాత కేశనాళికలు, ఆ తర్వాత సిరలు నిండుతాయి. ఇవి వరసగా పడాలంటే వెంటవెంటనే ప్లేట్లు మార్చాలి. ఆయన సహచరుడు పెరీరా కాల్దాస్ ఇందుకు రంగులరాట్నం లాంటి యంత్రం తయారుచేశారు. దానితో మెదడులో నెత్తురు నడిచే వేగం కూడా తెలిసింది. ధమనిలో ప్రవేశించిన మందు సిరల్లోకి రావడానికి మామూలుగా కొన్ని సెకన్లు పడుతుంది.

అడ్డదారిని పట్టిచ్చేది ఈ సెకన్లే. ధమనులు నిండుతున్న ఫోటోలోనే ఒక సిర కూడా నిండి కనిపించిందంటే, మధ్యలో ఎక్కడో గండి ఉన్నట్టు. బోదెల్లోకి నీరు పోకుండానే మురుగు కాలువ పొంగినట్టు. దీనిని ఇప్పటి వైద్యులు కూడా అలాగే చూస్తారు. నిండే సిర ఏది, దానిని నింపే ధమని ఏది, గండి ఏ చోట ఉంది అని వరసగా లెక్క తీస్తారు. స్వీడన్‌లో హెర్బర్ట్ ఒలివెక్రోనా 1930లలో ఏవీఎంలను పూర్తిగా తీసివేయడం మొదలుపెట్టారు. చుట్టకు నెత్తురు వచ్చే దారులు ముందే తెలిస్తే వాటిని ముందు కట్టి, తర్వాత చుట్టను తీయవచ్చు. దారి తెలియనప్పుడు మృత్యువుగా ఉన్నదే దారి తెలిశాక ఆపరేషను అయింది.

మోనిజ్ తన పద్ధతి మీద వరుసగా పుస్తకాలు రాశారు. నోబెల్ బహుమతికి 1928లోనూ, 1933లోనూ ఆయన పేరు వెళ్లింది. స్టాక్‌హోమ్ పెద్దలు ఇవ్వలేదు. అప్పట్లో ఆ పద్ధతి ప్రమాదమెక్కువని, వాడకం తక్కువని సందేహించేవాళ్లు ఉండేవారు.

వారి సందేహంలో పూర్తిగా అన్యాయం లేదు. అయోడైడ్ ఎక్కించేటప్పుడు రోగికి తీవ్రమైన బాధ, కొందరికి మూర్ఛ. అందుకని 1931 నుంచి మోనిజ్ థోరోట్రాస్ట్ అనే మందుకు మారారు. నొప్పి లేదు, బొమ్మ అద్దంలా పడుతుంది. లోకమంతా దానిని వాడింది. అది థోరియం ద్రావణం. అణుధార్మిక పదార్థం. ఒంట్లోకి పోయినది బయటికి రాదు. కాలేయంలో, ప్లీహంలో తిష్ఠవేసి జీవితాంతం కిరణాలు వదులుతూ ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్లకు కాలేయపు క్యాన్సర్లు బయటపడ్డాయి. 1950ల్లో దానిని వదిలేశారు. బొమ్మ కోసం ఎక్కించుకున్న వారు దాని బాకీ అప్పటికి ఇంకా తీరుస్తూనే ఉన్నారు.

బహుమతి వచ్చిన పని

1935 వేసవిలో లండన్‌లో నాడీవైద్యుల మహాసభ జరిగింది. చింపాంజీల మెదడు ముందు భాగం తీసేస్తే కోపం తగ్గిందని అమెరికా శాస్త్రజ్ఞులు అక్కడ చెప్పారు. మోనిజ్ లిస్బన్ చేరి, అదే ఏడాది నవంబరు 12న మతిస్థిమితం లేని ఒక స్త్రీకి పుర్రెలో రంధ్రాలు పెట్టించి, మెదడు ముందు భాగంలోకి ఆల్కహాలు ఎక్కించేలా చేశారు. ఇక్కడా చేతులు అల్మైదా లిమావే. తర్వాత ఆల్కహాలు మానేసి, తీగ ఉచ్చున్న పరికరంతో లోపలి తంతువులు కోశారు. ఇరవై మందికి చేసి, ఏడుగురికి నయమైందనీ, ఏడుగురికి కొంత మేలనీ, ఆరుగురిలో మార్పు లేదనీ ప్రకటించారు. కొద్ది వారాలు, నెలలు మాత్రమే గమనించి చెప్పిన లెక్క అది. రోగులను పంపిన మానసిక వైద్యుడు సోబ్రాల్ సిడే తర్వాత ఎదురు తిరిగి, ఇది నయం కావడం కాదన్నారు.

అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ దీనిని లోబాటమీ పేరుతో ఊరూరా తిప్పారు. వేలమందికి చేశారు. కోపం పోయింది నిజమే. దానితో పాటు నవ్వు, పట్టుదల, మనిషితనం కూడా పోయినవారు ఎందరో. 1949లో మోనిజ్‌కు నోబెల్ బహుమతి ఇచ్చారు. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు వాల్టర్ హెస్‌తో కలిపి, సగం. ప్రశస్తిలో ఈ ఆపరేషను గురించే ఉంది. యాంజియోగ్రాం మాట లేదు. మరుసటి ఏడాదే సోవియట్ యూనియన్ ఆ ఆపరేషనును నిషేధించింది. 1952లో క్లోర్‌ప్రోమజైన్ మాత్రలు వచ్చాక ఇతర దేశాల్లోనూ తెర పడింది. లోబాటమీ జరిగిన వారి కుటుంబాలు ఆ బహుమతిని వెనక్కు తీసుకోవాలని తర్వాత ఎన్నోసార్లు కోరాయి. తీసుకోలేదు.

ఒకే మనిషి, ఒకే దశాబ్దం, ఒకే సహాయకుడు. మొదటి పనిలో ప్లేటు మీద పడిందే నమ్మారు. రెండో పనిలో ప్లేటు లేదు. నయమైందా లేదా అన్నది చూసేవాడి కంటిలో ఉంది. మొదటిది నిలవడానికి, రెండోది కూలడానికి ఈ తేడానే కారణమని అనిపిస్తుంది.

తుపాకి గుళ్లు, పేకముక్కలు

1939 మార్చిలో మానసిక రోగి ఒకతను మోనిజ్ మీద తుపాకి పేల్చాడు. గుళ్లు కొన్ని ఒంట్లో దిగాయి. అతను లోబాటమీ జరిగిన రోగి అని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు. మోనిజ్ కోలుకుని మళ్లీ పాఠాలు చెప్పారు. 1944లో ఉద్యోగ విరమణ చేశారు. పేకాట అంటే ప్రాణం. ఊరికే ఆడటంతో ఆగక పేకముక్కల చరిత్ర మీద పుస్తకం రాశారు. బొమ్మలు, పింగాణీ, వెండి సామాను సేకరించారు. అవాంకాలోని పాత ఇంటిని పునర్నిర్మించుకున్నారు. ఆ ఇల్లు ఆయన తదనంతరం మ్యూజియం అయింది.

1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ గజ్జల దగ్గర సూది గుచ్చి, తీగ మీదుగా సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి నడిపే ఉపాయం ప్రకటించారు. మెడ కోసే అవసరం తప్పింది. గుండెకూ, మూత్రపిండాలకూ, కాళ్లకూ అదే దారి అయింది. ఇవాళ మన జిల్లా పట్టణాల్లో గుండెనొప్పి వచ్చిన ఇంట యాంజియో అనే మాట తెలియనివారు లేరు.  1955 డిసెంబరు 13న మోనిజ్ లిస్బన్‌లో కన్నుమూశారు. అప్పటికి 81 ఏళ్లు.

గండి పూడ్చే దారి

ఆయన పోయిన అయిదేళ్లకు, 1960లో, అమెరికా వైద్యులు మెడ ధమనిలోంచి చిన్న గుళికలు వదిలి మెదడులోని ఏవీఎంను మూసే ప్రయత్నం చేశారు. చూడటానికి వేసిన దారి పూడ్చడానికీ పనికివచ్చింది. ఇప్పుడు గజ్జ నుంచో, మణికట్టు నుంచో గొట్టం పంపి, గండి ఉన్న చోట జిగురు లాంటి ద్రవం నింపుతారు. కొందరికి ఆపరేషను, కొందరికి సూటిగా గురిపెట్టిన కిరణాల చికిత్స. డ్యూరల్ ఫిస్టులా గండి సరైన చోట మూసుకుపోతే, చెవిలోని మోత ఆగిపోయిందని బల్ల దిగకముందే చెప్పే రోగులున్నారు.

ఇనుము సంగతి అంత తేలిక కాదు. 1980ల్లో ఎం.ఆర్.ఐ. వచ్చాక ఆ నల్ల అంచు బతికి ఉన్నవారిలోనే కనిపించడం మొదలైంది. వెన్నులోంచి నీరు తీసి చూస్తే ఎర్రకణాలో, పసుపు రంగో ఊటకు సాక్ష్యం ఇస్తాయి. ఊట ఆపితే జబ్బు ముదరకుండా నిలుస్తుందని ఆశ. పోయిన వినికిడి మాత్రం తిరిగి వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. చెవి వెనుక అమర్చే కాక్లియర్ పరికరం కొందరికి కొంత ఉపకరిస్తుంది. పేరుకున్న ఇనుమును లాగడానికి డిఫెరిప్రోన్ మాత్రలు ఇచ్చి చూస్తున్నారు. తలసీమియా పిల్లలకు వాడే మందే అది. నెత్తుటి నుంచి మెదడులోకి చొరగలదు. ఎంతవరకు మేలు చేస్తుందో గట్టి రుజువు ఇంకా చాలదు. పైగా తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది గనుక తరచు రక్తపరీక్ష తప్పదు.

అందువల్ల ముందు పట్టుకోవడమే ముఖ్యం. కారణం తెలియని చెవుడు రెండు చెవుల్లోనూ వస్తూ, దానితో పాటు నడక తూలుతుంటే మెదడుకు ఎం.ఆర్.ఐ. తీయించమంటారు నాడీవైద్యులు. నల్ల అంచు కనిపిస్తే వెన్నెముకకు కూడా తీస్తారు. అక్కడా మూలం దొరక్కపోతే మోనిజ్ పరీక్ష దగ్గరికే వస్తారు. అందులోనూ ఒక మెలకువ ఉంది. మెదడుకు పోయే నాలుగు ధమనులు మాత్రమే చూసి వదిలేస్తే సరిపోదు. మెదడు పొరలోని అడ్డదారులకు నెత్తురు తరచుగా ముఖానికి, నెత్తికి పోయే బయటి ధమనుల కొమ్మల నుంచి వస్తుంది. అందుకని వాటిలోకి కూడా, కుడి ఎడమలు విడివిడిగా, మందు ఎక్కించి చూస్తారు. మొత్తం ఆరు ధమనులు. ఏ ప్లేటులో సిర తొందరపడి నిండిందో దాని వెంట వెనక్కు నడుస్తారు.